ట్యాంకు మీది యాంటెన్నా ఆషాఢ గాలికి తిరగకుండా బిగించడం

ధర్మవరం దగ్గరి మీ చీనీ తోటలో, నీళ్ల ట్యాంకు మెట్ల రెయిలింగుకు కట్టిన డిష్ యాంటెన్నా గాలి లేచినప్పుడల్లా తిరిగిపోయి, కిలోమీటరు దూరంలోని ఇంటికి కెమెరా దృశ్యం అందడం లేదని రాశారు. లోపం రేడియోలో (డిష్‌కు అమర్చిన, సిగ్నల్ పంపే పెట్టెలో) కాదు, ఊగే రెయిలింగులో ఉందని నా అభిప్రాయం; డిష్ కిరణం సన్నగా ఉంటుంది కనుక కొద్ది డిగ్రీలు జరిగినా సిగ్నల్ పడిపోతుంది.

ట్యాంకు గోడకు మాత్రం దయచేసి రంధ్రాలు వేయవద్దు. చెమ్మ చేరి లోపలి చువ్వలు తుప్పు పడితే కాంక్రీటు పగులుతుంది. తొట్టి కిందనున్న స్తంభానికి చుట్టూ ఇనుప పట్టీలు వేసి, 2 అంగుళాల జీఐ పైపును కనీసం 2 అడుగుల ఎడంతో రెండు చోట్ల బిగించి, డిష్‌ను దానికి యూ-బోల్టులతో పట్టించి, ప్రతి బోల్టుకూ స్ప్రింగ్ వాషర్ వేయండి. మీ కిలోమీటరు దూరపు 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ లింకుకు నడి దారిలో, రెండు యాంటెన్నాలను కలిపే చూపు రేఖ చుట్టూ సుమారు 2.3 మీటర్ల ఖాళీ ఉంటే చాలు కాబట్టి, చెట్లు అడ్డు రానంతవరకు డిష్‌ను ట్యాంకు నెత్తికే ఎక్కించనక్కరలేదు.

పైపుకు ఎర్తింగ్ తప్పనిసరి. కేబుల్‌ను రేడియోలోకి పోయే ముందు కిందికి వంపు తిప్పితే వాన నీరు అక్కడే కారిపోతుంది. గాలి లేని ఉదయం పూట, నడుముకు బెల్టు కట్టుకొని, కింద ఒక మనిషిని నిలబెట్టి ఎక్కండి.