ఓసారి అవధానానికి వెళ్లిరా

చిరంజీవి అమ్మాయికి,

ఉత్తరం, కథ రెండూ అందాయి. పిల్లల గోల, ఫోను మోత, అత్తగారి పిలుపులు, వీటి మధ్య ధ్యాస నిలవడం లేదనీ, విడిగా ఒక గది ఉంటే తప్ప రాయలేననీ అన్నావు. గది దొరికితే సంతోషమే. దొరికేదాకా మాత్రం ఆగకు.

అష్టావధానం ఎప్పుడైనా చూశావా? మీ దగ్గర్లో జరిగితే వెళ్లు, పద్యాలు అర్థం కాకపోయినా ఫరవాలేదు. అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్లు. ఒకరు సమస్య ఇస్తారు, అంటే ఓ చిక్కు పాదమిచ్చి పద్యం పూర్తిచేయమంటారు. ఒకరు దత్తపది, అంటే తామిచ్చిన మాటలన్నీ పద్యంలో రావాలంటారు. ఇంకొకరు వర్ణన అడుగుతారు. ఆ పద్యాలు ఒక్కసారిగా పూర్తికావు. ఆవృత్తానికో (అంటే చుట్టుకో) పాదం చొప్పున నాలుగు ఆవృత్తాలు తిరిగేదాకా అన్నీ సగంలోనే ఉంటాయి. ఈలోగా ఒకాయన తోచినప్పుడల్లా గంట కొడుతుంటాడు, అవి లెక్కపెట్టాలి. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన "అవధానిగారూ, ఇవాళ మీ ఇంట్లో కూరేమిటి?" అంటాడు. విననట్టు ఊరుకుంటే కుదరదు. చమత్కారంగా జవాబిచ్చి, సభను నవ్వించి, వదిలేసిన పాదం దగ్గరికే రావాలి. చివర్లో ధారణ, అంటే కాగితం లేకుండా అన్నీ అప్పజెప్పడం. తిరుపతి వెంకట కవులు ఇదే విద్యతో, వందమంది పృచ్ఛకుల మధ్య శతావధానాలు చేస్తూ గద్వాల, వెంకటగిరి సంస్థానాలదాకా తిరిగారు. (అవధాన పద్యాలన్నీ గొప్ప కవిత్వమని నేననను. సభ ముగిశాక చాలావాటిలో జీవం ఉండదు. నిన్ను చూడమంటున్నది ఆ పట్టుని.)

అందుకని పిల్లవాడు పిలిస్తే, వాక్యం పూర్తిచేసి లేద్దామని విసుక్కోకు. సగంలోనే వదిలి లే. పాలు కాస్తున్నంతసేపూ ఆ సగం వాక్యం నోట్లో నానుతూ ఉండనీ. రాత్రి పడుకోబోయే ముందు, ఆరోజు రాసిన పేరా చూడకుండా చెప్పుకో. ఎక్కడ తడబడతావో, పొద్దున్నే అక్కణ్ణుంచి దిద్దు.

నిషిద్ధాక్షరి అని ఇంకో అంశం ఉంది, నీకు బాగా పనికొస్తుంది. అవధాని ఒక అక్షరం అనగానే, తరువాత ఏది రాబోతోందో పసిగట్టి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. "రా" అంటే "మ" వద్దంటాడు. అవధాని అప్పటికప్పుడు వేరే దారి చూసుకోవాలి. నీ కథకి ఆ పృచ్ఛకురాలివి నువ్వే. "గుండె" అని రాయగానే "బరువెక్కింది" వచ్చేస్తోందా, వద్దను. కన్నీళ్లకి "జలజలా" వద్దను. మొదటి పేజీలో ఇలాంటివి చాలానే ఉన్నాయి, పెన్సిలుతో గీతలు పెట్టాను. వద్దన్నాక ఇంకేమీ తోచకపోతే, ఆ మనిషి ఆ క్షణంలో చేతులతో ఏం చేస్తోందో చూడు.

ఇక మూడో పేజీ. అమ్మ వంటింట్లో "ఏదో పని చేసుకుంటూ" పొలం వాటా గురించి కూతురితో గొడవపడుతోంది. ఏం పని? మీ ఇంట్లోనే గమనించు. మాటామాటా పెరుగుతుంటుంది, కుక్కరు కూస్తుంటుంది, ఆవిడ అటు చూడనైనా చూడదు. మూడో విజిలుకి చెయ్యి దానంతటది వెళ్లి స్టవ్ కట్టేస్తుంది. మాట మాత్రం ఆగదు: "మీ అన్నకి రాసిచ్చేశానని నీకెవరు చెప్పారే?" గంటలు లెక్కపెట్టే అవధానికి ఆవిడ ఏం తీసిపోయింది? ఒకవేళ నాలుగు, ఐదు, ఆరు కూతలైనా చెయ్యి కదల్లేదనుకో. అప్పుడు కూతురు భయపడుతుంది, చదివేవాళ్లూ భయపడతారు. "ఆమె తీవ్రమైన మనోవేదనకు లోనైంది" అన్న నీ వాక్యం కొట్టేయొచ్చు.

ప్రస్తుతానికి ఆ ఒక్క పేజీ తిరగరాసి పంపు. ముగింపు జోలికి పోకు, బాగానే కుదిరింది. పొలం మాత్రం రెండో పేజీలో మూడెకరాలు, ఐదో పేజీలో నాలుగున్నర అయింది. సరిచూసుకో.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి