కార్డులోంచి కంప్యూటర్‌లోకి: కెమెరా ఫొటోలపై మీ సందేహాలు

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి కెమెరా ఫొటోల గురించి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబిస్తున్నాం. మొదటి జవాబు కాస్త పెద్దది. ఫొటోలు పోగొట్టుకున్నామని రాసేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఆ ప్రశ్నలోనే ఉంది.

ప్రశ్న: కార్డు నిండినప్పుడల్లా ఫొటోలన్నీ కట్ చేసి, కంప్యూటర్‌లో ‘ఫొటోలు’ అనే ఫోల్డర్‌లో పేస్ట్ చేస్తా ఉంటాం. పోయిన నెల ‘ఈ పేరుతో ఫైల్ ఉంది, రీప్లేస్ చేయాలా’ అని అడిగితే అవునని నొక్కినాం. గంగమ్మ జాతరలో మా అబ్బోడు బండ వేషం కట్టిన ఫొటోలు ఇప్పుడు కనిపించడం లేదు. ఎందుకిట్లయింది?
- ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: కెమెరా ఫొటోకు పెట్టే పేరులో మారేది చివరి నాలుగంకెలే. కెనాన్‌లో ఐఎంజీ_0001, నికాన్‌లో డీఎస్‌సీ_0001 అని మొదలై, 9999 దాకా వెళ్లి మళ్లీ 0001కి వస్తుంది. కార్డు ఖాళీ చేసినా, ఫార్మాట్ చేసినా (అంటే కార్డు మొత్తం తుడిచి కొత్తగా సిద్ధం చేసినా) మొదటికొచ్చే సెట్టింగ్ కూడా ఉంటుంది. మీ కెమెరాలో అదే ఉండి ఉండాలి. జాతర ఫొటో పేరు, కొత్త ఫొటో పేరు ఒకటే కావడంతో పాతదాని మీద కొత్తది కూర్చుంది. ఇలా పోయినవి రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లవు.

ముందు పోయినవాటి సంగతి. ఆ కంప్యూటర్‌లో కొత్తగా ఏమీ ఎక్కించకండి. లోపల పాతరకం హార్డ్ డిస్క్ ఉంటే, ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కొన్నయినా దొరకవచ్చు. దొరికినవాటిని వేరే డిస్క్‌లోకే తీయండి. ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం, చిప్‌ల డిస్క్ అయితే ఆశ తక్కువ. బంధువులకు వాట్సాప్‌లో పంపి ఉంటే వాళ్లనీ అడగండి. సైజు తగ్గిన కాపీ అయినా, ఏమీ లేకపోవడం కంటే మేలు.

ఇకమీదట కట్ మాట మరిచిపోండి, కాపీ మాత్రమే చేయండి. కట్ చేస్తుండగా కేబుల్ కదిలినా, కరెంటు పోయినా ఏది అటుందో ఏది ఇటుందో తేల్చుకోవడం కష్టం. కాపీ అయితే కార్డులోవి కార్డులోనే ఉంటాయి. కెమెరాకు కేబుల్ తగిలించే బదులు కార్డు రీడర్ వాడటం మంచిది, కెమెరా బ్యాటరీ మధ్యలో అయిపోయే భయం ఉండదు. కార్డు తెరిస్తే డీసీఐఎం అనే ఫోల్డర్, దానిలో 100తో మొదలయ్యే మరో ఫోల్డర్ కనిపిస్తాయి. ఫొటోలు అక్కడుంటాయి. 101, 102 కూడా ఉన్నాయేమో చూడండి, చాలామంది మొదటిదొక్కటే కాపీ చేసి మిగతావి వదిలేస్తారు. యూఎస్‌బీ 2.0 పోర్టులో సెకనుకు 30 ఎంబీ వస్తే గొప్ప, అంటే నిండిన 32 జీబీ కార్డుకు కనీసం 18 నిమిషాలు. 3.0 పోర్టు, 3.0 రీడర్ ఉంటే ఇంకా త్వరగా అవుతుంది.

అన్నీ ఒకే ఫోల్డర్‌లో పోయకండి. ఏడాదికో ఫోల్డర్, దానిలో సందర్భానికొకటి పెట్టండి. పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేది రావాలి: ‘2025-08-27 వినాయక చవితి కాణిపాకం’. తేదితో మొదలుపెడితే 27-08-2025 నాటి చవితి, 30-03-2025 నాటి ఉగాది కంటే పైన కూర్చుంటుంది. అంకెల మధ్య ఏటవాలు గీతను విండోస్ ఒప్పుకోదు, అడ్డగీతే వాడండి. జాతరకైతే వేషానికో రోజు ఉంది కాబట్టి బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని రోజుకో ఫోల్డర్ చేస్తే పదేళ్ల తర్వాత కూడా మీ అబ్బాయి వేషం నిమిషంలో దొరుకుతుంది.

కాపీ అయ్యాక రెండువైపులా ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, మొత్తం బైట్లు సరిపోయాయో చూడండి. తర్వాత మొదట్లో, మధ్యలో, చివర్లో కొన్ని ఫొటోలను పూర్తిగా తెరవండి. చిన్న బొమ్మ కనిపించింది కదా అని వదిలేయొద్దు. ఆ చిన్న బొమ్మ ఫైల్ మొదట్లోనే విడిగా ఉంటుంది, అందుకే సగమే కాపీ అయిన ఫొటోకు కూడా అది చక్కగా కనిపిస్తుంది. తెరిస్తే కింది సగం బూడిదరంగులో ఉంటుంది. అన్నీ సరిగ్గా ఉండి, రెండో డిస్క్‌లోకి కూడా కాపీ వెళ్లాకే కార్డును కెమెరాలో పెట్టి, కెమెరా మెనూలోనే ఫార్మాట్ చేయండి. అదే మెనూలో అంకెల సెట్టింగ్ కూడా మార్చండి: కెనాన్‌లో ‘కంటిన్యువస్’, నికాన్‌లో ‘ఫైల్ నంబర్ సీక్వెన్స్’ ఆన్.

ప్రశ్న: మా చెల్లెలి పెండ్లికి మా కెమెరాతో పాటు అమెరికా నుంచి వచ్చిన మా బావ కెమెరాతోనూ తీసినాం. రెండూ ఒకే ఫోల్డర్‌లో వేస్తే బావ తీసిన తాళి కట్టే ఫొటోలు ముందురోజు రాత్రివి అన్నట్టు వస్తా ఉన్నాయి. వరస కుదిరేదెట్లా?
- ఒక పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: ఆయన కెమెరా గడియారం అమెరికా టైములోనే ఉండిపోయింది. ఉదాహరణకు కాలిఫోర్నియా టైముకు మన టైము వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు ముందుంటుంది. అందుకే పొద్దున ముహూర్తం ముందురోజు రాత్రికి పోయింది. ఫొటో తీసిన టైము ఫైల్ లోపలే రాసి ఉంటుంది, దాన్ని సరిచేయవచ్చు.

అయితే తేడా ఇంత ఉంటుందిలే అని ఊహించి మార్చకండి. గడియారాలు నిమిషాల్లో కూడా తప్పుతాయి. రెండు కెమెరాలకూ చిక్కిన ఒకే క్షణం వెతకండి, మొదటి ముడి పడేటప్పటి ఫొటో అయితే మంచిది. మీ కెమెరాలో 9:42:10 అనీ, ఆయన కెమెరాలో ముందురోజు రాత్రి 9:10:40 అనీ ఉందనుకోండి. తేడా 12 గంటల 31 నిమిషాల 30 సెకన్లు. డిజీకామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆయన ఫొటోలన్నీ ఎంచుకుని ‘అడ్జస్ట్ టైమ్ అండ్ డేట్’లో అంత కలపండి. ఈ పని కాపీల మీదే చేయాలి, అసలువి ముట్టుకోవద్దు. కూడికకు బదులు తీసివేత నొక్కితే పెండ్లి మొత్తం ఇంకో పన్నెండున్నర గంటలు వెనక్కి పోతుంది.

తర్వాత విండోస్‌లో ‘డేట్ టేకెన్’ వరసలో చూడండి. ‘డేట్ క్రియేటెడ్’ నమ్మొద్దు, అది కాపీ చేసిన రోజు చూపిస్తుంది. మీ బావ గారు ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపి ఉంటే అందులో తీసిన టైము ఉండదు, సైజూ తగ్గుతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా కార్డే తెప్పించుకోండి. మరో శుభకార్యం ఉంటే, మొదలుపెట్టే ముందు ఒకే సెల్‌ఫోన్ గడియారాన్ని రెండు కెమెరాలతోనూ ఫొటో తీయండి. తేడా వెతుక్కునే శ్రమే ఉండదు.

ప్రశ్న: 64 జీబీ కార్డును మా పాత కంప్యూటర్‌లో పెడితే ‘వాడాలంటే ఫార్మాట్ చేయాలి’ అంటా ఉంది. చేయవచ్చా?
- పలమనేరు నుంచి

జవాబు: చేయకండి! కార్డును ముందు కెమెరాలో పెట్టి చూడండి. ఫొటోలు కనిపిస్తే కార్డు బాగున్నట్టే, తప్పు రీడర్‌ది కావచ్చు. 64 జీబీ కార్డులు 2009లో వచ్చిన ఎస్‌డీఎక్స్‌సీ రకం. అంతకు ముందరి రీడర్లు వాటిని చదవలేకపోవచ్చు. కెమెరా కేబుల్‌తో తీయండి, లేదా కొత్త రీడర్ కొనండి.

కెమెరాలో కూడా రాకపోతే, బంగారు రంగు పట్టీలను పొడి మెత్తటి గుడ్డతో తుడిచి చూడండి. అప్పటికీ రాకపోతే కార్డు పక్కనున్న చిన్న మీటను లాక్ వైపు జరిపి ఫొటోరెక్ వాడండి. పాత పేర్లు రావు గానీ, తీసిన తేదీ ఫొటో లోపల ఉంటుంది కాబట్టి మళ్లీ సర్దుకోవచ్చు. పొరపాటున ఫార్మాట్ నొక్కేసి ఉన్నా ఇదే దారి. ఒక్క కొత్త ఫొటో కూడా తీయకుండా ఉంటే చాలావరకు దొరుకుతాయి.

ప్రశ్న: పెన్‌డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉంది. అయినా 5 జీబీ వీడియో ఎక్కడం లేదు. ఇంకోటి, ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోనే దాచుకోవచ్చా?
- ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: మీ పెన్‌డ్రైవ్ ఫైళ్లను అమర్చే పాత పద్ధతి ఫ్యాట్32లో ఉంది. అందులో ఎంత ఖాళీ ఉన్నా ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. లోపలివి వేరేచోట కాపీ చేసుకుని, ఆ పరిమితి లేని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేస్తే ఎక్కుతుంది.

దాచుకోవడానికి మాత్రం పెన్‌డ్రైవ్ వద్దు. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పక్కన పడేస్తే అందులోవి చెడిపోవచ్చు. ఫొటో 10 ఎంబీ అనుకుంటే 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో సుమారు లక్ష పడతాయి. అలాంటివి రెండు కొనండి. రెండింటినీ కంప్యూటర్‌కే తగిలించి ఉంచితే, పిడుగుపాటుకో వైరస్‌కో రెండూ ఒకేసారి పోతాయి. పని కాగానే ‘ఎజెక్ట్’ నొక్కి విప్పేయండి. ఒకటి మీ బీరువాలో, రెండోది ఊళ్లో మీ అవ్వ వాళ్లింట్లో ఉంచి, పండక్కి వెళ్లినప్పుడల్లా మార్చుకోండి.