ఎండెక్కితే మొరాయించే ప్రొక్లెయిన్

ప్రశ్న: దేవరకొండ దగ్గర కంకర క్వారీలో మా ప్రొక్లెయిన్ నడుస్తోంది. పొద్దున బాగానే పనిచేస్తుంది. ఎండెక్కాక ఆయిల్ ప్రెషర్, టర్బో ప్రెషర్, డీజిల్ ప్రెషర్ సెన్సార్ల హెచ్చరికలు మూడూ ఒక్కసారే మానిటర్‌ మీద కనిపించి, ఇంజిన్ పవర్ పడిపోతుంది. మెకానిక్ రెండు సెన్సార్లు మార్చినా గుణం కనిపించలేదు. ఇప్పుడు ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్ పోయిందంటున్నాడు. మార్పించమంటారా?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: ఇప్పుడే మార్పించకండి. మూడు సెన్సార్లు ఒకే గడియలో పాడవడం చాలా అరుదు; మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో దెబ్బతిన్నదని అనుమానించడమే సబబు. ఇలాంటి ప్రెషర్ సెన్సార్లకు సాధారణంగా మూడు తీగలుంటాయి: కంప్యూటర్ నుంచి వచ్చే 5 వోల్టుల సరఫరా, ఎర్త్, సిగ్నల్. చాలా యంత్రాల్లో ఆ 5 వోల్టుల తీగ ఒకటే చీలి అనేక సెన్సార్లకు వెళ్తుంది కనుక, ఎక్కడో ఒక్కచోట అది బాడీకి తగిలితే చాలు, మిగిలినవన్నీ తప్పుడు లెక్కలే చెబుతాయి.

అయితే ఆయిల్ ప్రెషర్ హెచ్చరికను వైరింగ్ దోషమేనని ఊహించుకొని యంత్రాన్ని నడిపించవద్దు. ముందుగా మామూలు గేజ్ బిగించి అసలు ప్రెషర్ ఎంతుందో చూడాలి.

పరీక్ష మాత్రం దోషం కనిపిస్తున్నప్పుడే చేయాలి. చల్లని పొద్దున మీటరు పెట్టి అన్నీ బాగున్నాయని తేల్చడం వల్లనే చాలామంది అనవసరంగా సెన్సార్లు కొంటున్నారు. బకెట్‌ను నేలకు ఆనించి, ఇంజిన్ ఆపి, కీ మాత్రం ఆన్‌లో ఉంచి, ఒక సెన్సార్ కనెక్టర్ ఊడదీసి సరఫరా పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య కొలవండి. 5 వోల్టుల దరిదాపుల్లో రాకుండా 1, 2 వోల్టులే చూపిస్తే, మీటరును అలాగే ఉంచి, ఆ సరఫరా మీదున్న మిగతా సెన్సార్లను ఒక్కొక్కటిగా విప్పండి. ఏది విప్పగానే 5 వోల్టులు తిరిగి వస్తాయో ఆ సెన్సారే దొంగ. అన్నీ విప్పినా రాకపోతే ముందుగా వైరింగ్‌నే అనుమానించాలి. అప్పుడు వైరింగ్ కట్టను జానెడు జానెడు చొప్పున కదిలిస్తూ మీటరు వైపు చూడండి. అంకె ఎగిరిపడిన చోటే వెతకాలి. క్లిప్పు ఊడి కట్ట ఇంజిన్ బ్రాకెట్‌కు రాసుకునే చోటును ముందుగా చూడటం మంచిది. తీగల పైపొర వేడికి మెత్తబడి, అదురుకు అరిగి, లోపలి రాగి బయటపడుతుంది. పైన చుట్టిన గొట్టం చక్కగా కనిపించినా నమ్మవద్దు, విప్పి చూడండి.

తీగలను సూదితో గుచ్చి కొలిచే అలవాటు మాన్పించండి. ఆ రంధ్రంలోంచి తేమ దిగి రాగి పచ్చబడుతుంది. కడిగేటప్పుడు కనెక్టర్ల మీద ప్రెషర్ నీళ్లు కొట్టించకూడదు.

కీ ఆపి, బ్యాటరీ తప్పించి, కంప్యూటర్ కనెక్టర్ ఊడదీసి, 5 వోల్టుల తీగకూ బాడీకీ మధ్య కంటిన్యుటీ (కరెంటు పారే దారి) లేదని తేల్చుకున్నాక, కంప్యూటర్‌కు వచ్చే బ్యాటరీ సరఫరా, ఎర్త్ కూడా సరిగ్గా ఉన్నాయని రుజువైతేనే కంప్యూటర్‌ను అనుమానించాలి. కొత్తదానిలో మీ యంత్రానికి తగిన ప్రోగ్రామ్ ఎక్కించాల్సి ఉంటుంది కాబట్టి, ఆ పనిని అధీకృత డీలర్ సర్వీసుకే అప్పగించండి.