డేటాబేస్ 'సస్పెక్ట్'లో పడిందా? లాగ్ ఫైల్ జోలికి మాత్రం పోకండి

మీ సమస్య నాకు అర్థమైనంతలో ఇదీ: తిరుపతిలో లాడ్జి బిల్లింగ్, వెనక ఎస్‌క్యూఎల్ సర్వర్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్). కరెంటు పోయి వచ్చాక డేటాబేస్ 'సస్పెక్ట్' అంటోంది, అంటే చెడిందేమోనని సర్వర్ దాన్ని తెరవట్లేదు. ఆదివారం ఫుల్ బ్యాకప్ ఉంది, గంటగంటకీ లాగ్ (జరిగిన ప్రతి మార్పూ వరసగా రాసుకునే ఫైల్) బ్యాకప్‌లున్నాయి, వాటిలో మధ్యది ఒకటి రిస్టోర్ కావట్లేదు. ఎవరో ఎల్‌డీఎఫ్ (ఆ లాగ్ ఫైలే) డిలీట్ చేసి మళ్లీ అటాచ్ చేసుకోమన్నారు.

ఆ మాట వినకండి. కరెంటు పోయేసరికి సగంలో ఉన్న ఎంట్రీల్లో ఏది నిలపాలో, ఏది వెనక్కి తీయాలో సర్వర్‌కి తెలిసేది ఆ లాగ్ చూసే. అడ్వాన్సు జమై రూము కేటాయింపు పడని బిల్లు ఒకటి ఉందనుకోండి, లాగ్ లేకపోతే అది అట్లే ఉండిపోతుంది. పైగా సరిగ్గా షట్‌డౌన్ కాని డేటాబేస్‌ని లాగ్ లేకుండా అటాచ్ చేయబోతే సర్వర్ ఒప్పుకోదు కూడా.

ముందు సర్వీస్ ఆపి ఎండీఎఫ్ (డేటా ఫైల్), ఎల్‌డీఎఫ్ రెండూ వేరే డిస్కులోకి కాపీ చేయండి. మళ్లీ స్టార్ట్ చేసి 'నో ట్రంకేట్' (డేటాబేస్ తెరుచుకోకపోయినా లాగ్ తీసే ఆప్షన్) పెట్టి టెయిల్ లాగ్ బ్యాకప్ తీయండి. చివరి లాగ్ బ్యాకప్ తర్వాత పడ్డ బిల్లులన్నీ అందులోనే ఉంటాయి. ఎల్‌డీఎఫే దెబ్బతిని ఉంటే ఇది రాకపోవచ్చు, ప్రయత్నిస్తే పోయేదేం లేదు.

ఇక ఆ మధ్య లాగ్. మీరు వాడేది పెన్‌డ్రైవ్ కాపీ అయితే సర్వర్‌లో ఉన్న అసలు ఫైల్‌కి 'రిస్టోర్ వెరిఫై ఓన్లీ' (బ్యాకప్ చదవగలిగేలా ఉందో లేదో చూసే కమాండ్) కొట్టి చూడండి. చాలాసార్లు చెడిపోయేది కాపీయే. అసలుదీ పోయిందంటే, దాని తర్వాత తీసిన డిఫరెన్షియల్ (ఫుల్ తర్వాత మారినవన్నీ ఉండే బ్యాకప్) ఉందేమో వెతకండి. ఆదివారం ఫుల్, దానిమీద ఆ డిఫరెన్షియల్, ఆపైన మిగతా లాగ్‌లు వేసుకుంటూ పోతే చెడ్డ లాగ్ అవసరమే రాదు. అదీ లేకపోతే చెడ్డదానికి ముందు లాగ్ దగ్గరే ఆగాలి. తర్వాతి లాగ్‌లు ఎన్ని బాగున్నా, టెయిల్ చేతిలో ఉన్నా ఎక్కవు. అన్నీ వేరే పేరుతో, 'నోరికవరీ'లోనే (ఇంకా బ్యాకప్‌లు ఎక్కాలి, అప్పుడే తెరవొద్దు అని) రిస్టోర్ చేయండి. అన్నీ ఎక్కాకే 'రికవరీ' (ఇక తెరువు అని). మధ్యలో ఇచ్చారా, మళ్లీ ఫుల్ నుంచి మొదలు.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నాకు అచ్చం ఇదే ఎదురైంది. తోతాపురి సీజను, గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరున్నాయి, గాలివానకి కరెంటు పోయి వేబ్రిడ్జి డేటాబేస్ పడింది. 'తెల్లారితే రైతులు బిల్లులకొస్తారు, ఎట్టో ఒగట్ల లేపు సామీ' అని మేనేజరు. పక్కనున్నాయన 'రిపేర్ అలౌ డేటా లాస్' కొట్టేద్దామని తొందర. పేరులోనే ఉంది కదా, డేటా పోయినా సరే అని! అది బ్యాకప్ అసలే లేనివాళ్లకి.

మేం చెడ్డ లాగ్ ముందువరకు రిస్టోర్ చేసి తూకాలు నడిపించాం. పాత ఫైళ్ల కాపీని ఇంకో కంప్యూటర్‌లో పెట్టాం. అదే పేరుతో ఖాళీ డేటాబేస్ సృష్టించి, సర్వీస్ ఆపి, ఫైళ్లు మార్చి స్టార్ట్ చేస్తే అక్కడా 'సస్పెక్ట్' అంటుంది. అప్పుడు 'ఎమర్జెన్సీ' మోడ్‌లో పెడితే చదవడానికి తెరుచుకుంటుంది. మిగిలిన తూకాలు అందులోంచి తీశాం. ఆ మోడ్‌లో సగంలో ఆగిన ఎంట్రీలూ కనిపిస్తాయి కాబట్టి గేటు దగ్గరి కార్బన్ చీటీలతో ఒక్కొక్కటీ సరిపోల్చాకే ఎక్కించాం. మీకైతే చెకిన్ రిజిస్టరు, రసీదు పుస్తకం ఆ పనికొస్తాయి.

అంతా లేచాక 'చెక్‌డీబీ' (డేటాబేస్ బాగుందో లేదో చూసే కమాండ్) నడిపి, వెంటనే కొత్త ఫుల్ బ్యాకప్ తీయండి. డిస్కు, యూపీఎస్ బ్యాటరీ కూడా పరీక్ష చేయించండి.

ఇంతకీ ఎస్‌క్యూఎల్ ఎర్రర్ లాగ్‌లో ఏ నంబరుంది? 9004 అయితే గొడవ లాగ్‌లో. అలాంటప్పుడు ఎమర్జెన్సీ మోడ్‌లో డేటా చాలావరకు దొరుకుతుంది. 824 అయితే ఏదో పేజీ (ఫైల్‌లో ఒక ముక్క) చెడింది, అది డేటా ఫైల్‌లోది కూడా కావచ్చు. ఆ లైను మొత్తం పెట్టండి, ఏ ఫైలో చూసి చెబుతా.