రోజూ 60 దగ్గరే ఆగుతోందా? బ్యాటరీ కొనకండి, ముందు ఇది చూడండి

ప్రశ్న: మాది చీమకుర్తి. మూడేళ్ల కిందట కొన్న లెనోవో ల్యాప్‌టాప్, విండోస్ 11. పది రోజులుగా ఛార్జింగ్ 60 శాతం దాటడం లేదు. ఛార్జర్ పెట్టే ఉన్నా ఎక్కట్లేదు. ఒంగోలులో చూపిస్తే బ్యాటరీ పోయింది, నాలుగున్నర వేలు అవుతుందన్నారు. మార్చేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. మీరు రాసినదాంట్లో అసలు సంగతి ఆ 60లోనే ఉంది. పాడైన బ్యాటరీ సాధారణంగా రోజూ ఒకే అంకె దగ్గర బుద్ధిగా ఆగదు, ఇవాళ 43 దగ్గర మొరాయిస్తే రేపు 71 దగ్గర, లేదంటే 30 చూపిస్తూ చూపిస్తూనే టప్పున ఆరిపోతుంది. మీది రోజూ అక్కడే ఆగుతోందంటే ఆగమని ఏదో సెట్టింగ్ చెబుతూ ఉండొచ్చు. లెనోవో వాళ్ల సొంత యాప్ లెనోవో వాంటేజ్ తెరిచి, పవర్ సెట్టింగ్స్‌లో కన్జర్వేషన్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే ఆఫ్ చేయండి, ఛార్జింగ్ మళ్లీ ఎక్కడం మొదలవుతుంది. మోడల్‌ను బట్టి అది 60 దగ్గరో 80 దగ్గరో ఆపుతుంది. ఎందుకంటే లిథియం అయాన్ బ్యాటరీని ఎప్పుడూ 100లో నిండుగా ఉంచితే, అందులోనూ వేడిలో ఉంచితే, త్వరగా ముసలిదైపోతుంది. మీరు రోజంతా ఛార్జర్ పెట్టుకునే పనిచేసేవాళ్లయితే ఆ మోడ్‌ను ఆన్‌లోనే వదిలేయండి, మంచిదే.

ఆ మోడ్ ఆన్‌లో లేదా? అప్పుడు అడాప్టర్ చూడండి, ముఖ్యంగా ఈ మధ్య మార్చి ఉంటే. పిన్ను పట్టిందని సరిపోదు. వెనక స్టిక్కర్ మీద అవుట్‌పుట్ వోల్టులు పాతదానితో సమానంగా ఉండాలి, ఆంపియర్లు అంతే ఉండాలి లేదా ఎక్కువ ఉండాలి. 65 వాట్లు కావాల్సిన మెషీన్‌కు 45 పెడితే ల్యాప్‌టాప్ నడుస్తుంది గానీ బ్యాటరీకి పెద్దగా ఏమీ మిగలదు. టైప్ సి పోర్టుకు ఫోన్ ఛార్జర్ పెట్టినా ఇదే గతి.

వేడి సంగతీ చెప్పాలి. రోహిణి కార్తెలో, కరెంటు పోయి వచ్చిన ఒక మధ్యాహ్నం, పరుపు మీద పెట్టుకున్న నా ల్యాప్‌టాప్ ఛార్జ్ తీసుకోనే లేదు, ఎంత టెన్షన్ పడ్డానో. చల్లటి గచ్చు మీద పెట్టి ఫ్యాన్ వేసిన అరగంటకు దానంతటదే ఎక్కింది. బ్యాటరీ మరీ వేడెక్కితే లోపలి సర్క్యూటే ఛార్జింగ్ ఆపేస్తుంది.

ఇవేవీ కాకపోతే విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ (powercfg /batteryreport) అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కండి. ఫైలు ఎక్కడ పడిందో అదే చెబుతుంది, బ్రౌజర్‌లో తెరవండి. డిజైన్ కెపాసిటీ (కొత్తప్పుడు పట్టేది) 45,000 ఉండి ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) 20,000కు పడిపోయి ఉంటే షాపు వాళ్లు చెప్పింది నిజమే, మార్చండి. 38,000 ఉంటే మాత్రం ఆ రిపోర్టు పట్టుకెళ్లి వాళ్లకే చూపించి అడగండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు రేకు ఉబ్బినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. వెంటనే ఛార్జర్ పీకేసి, ఆఫ్ చేసి, నొక్కకుండా, గుచ్చకుండా సర్వీసు సెంటర్‌కు తీసుకెళ్లండి.