రైజెన్ 7 5700ఎక్స్ ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేయాలంటే ఎక్స్570 మదర్‌బోర్డే కావాలా, బీ550 చాలదా?

తమ్ముడూ, ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడు కన్నా ఎక్కువగా నడపడం) అంటే ఎక్స్570 తప్ప కుదరదని కర్నూలు షాపాయన చెప్పాడని రాశావు కదా, అది నిజం కాదు. ఏఎమ్‌డీ 500 సిరీస్ బోర్డుల్లో బీ550కి కూడా ఆ సౌకర్యం ఉంది, ఏ520కే లేదు. ఇంటెల్‌లో అయితే పేరు చివర 'కే' ఉన్న ప్రాసెసరు, జెడ్ సిరీస్ బోర్డు రెండూ ఉంటేనే మల్టిప్లయర్ (స్పీడుని నిర్ణయించే గుణకం) పెంచుకోనిస్తారు. ఆయన ఆ లెక్కనే ఇక్కడికి తెచ్చి చెప్పుంటాడు.

అయితే నువ్వు అడగాల్సింది చిప్‌సెట్ (ఎక్స్570, బీ550 లాంటి, బోర్డులోని ముఖ్య చిప్) పేరు కాదు. బోర్డు మీద వీఆర్ఎమ్ (ప్రాసెసర్‌కి కరెంటు మార్చి ఇచ్చే చిప్పుల వరస) ఎలాంటిది, దాని మీద హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు దిమ్మ) ఉందా లేదా అని అడగాలి. ఇది నేను డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నాను.

మాది అనంతపురం. మిద్దె మీద గదిలో కూర్చుని పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటా. 2021 డిసెంబర్లో రైజెన్ 7 2700 ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికితే, అందుబాటులో ఉన్నవాటిలోకెల్లా చవకైన బీ450 బోర్డులో పెట్టి అన్ని కోర్లనూ 4.0 గిగాహెర్ట్జ్‌కి ఎక్కించాను. దాంతోపాటు వచ్చిన కూలర్ తీసేసి వాటర్ కూలర్ కూడా బిగించా. చలికాలమంతా పేచీ లేదు. ఏప్రిల్ వచ్చింది, ముహూర్తాలూ వచ్చాయి. నలభై నిమిషాల్లో అయ్యే రెండర్ (ఎడిట్ చేసిన వీడియోని ఫైలుగా తయారుచేయడం) గంటంపావు పట్టడం మొదలైంది. ప్రాసెసర్ టెంపరేచర్ చూస్తే 68 డిగ్రీలే. స్పీడు మాత్రం 4.0 నుంచి ఉన్నట్టుండి కిందికి పడిపోతుంది, కాసేపటికి లేస్తుంది, మళ్లీ పడిపోతుంది. వైరస్ అనుకుని విండోస్ రెండుసార్లు వేశాను!

చివరికి అనుమానమొచ్చి, ప్రాసెసర్ పక్కన వరసగా ఉన్న చిన్న నల్ల చిప్పుల మీద కరోనా కాలంలో కొన్న నుదుటి థర్మామీటర్ గన్ పెట్టా. 'హై' అని చూపించి ఊరుకుంది పాపం, అది మనుషుల జ్వరానికే కదా. వేలు పెడితే చురుక్కుమంది. ఆ వరసే వీఆర్ఎమ్. ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై డబ్బా) ఇచ్చేది 12 వోల్టులు, ప్రాసెసర్‌కి కావలసింది 1.3 అటూ ఇటూ. మధ్యలో మార్చి ఇచ్చేది ఈ చిప్పులే. ప్రాసెసర్ 120 వాట్లు లాగితే 1.3 వోల్టుల దగ్గర దాదాపు 90 ఆంపియర్లు వీటి గుండా పోవాలి. అందులో పదో వంతు వృథా అయినా డజను వాట్ల వేడి ఆ చిన్న జాగాలోనే. మన పల్లెల్లో ఎండాకాలం బోర్లన్నీ ఒకేసారి ఆన్ చేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఏమవుతుందో నీకూ తెలుసు. ఇక్కడ కాలిపోకముందే బోర్డు ప్రాసెసర్ గొంతు నొక్కుతుంది, అంతే తేడా.

నా వాటర్ కూలరే పని చెడగొట్టింది. పాత కూలర్ గాలిని కిందికి ఊదేది కాబట్టి పక్కనున్న వీఆర్ఎమ్‌కి కూడా కాస్త తగిలేది. అది తీసేశాక ఆ మూలకు గాలే లేదు.

బెంగళూరు ఎస్పీ రోడ్‌కి పోయి ఇంకో బోర్డు తెచ్చా. అదీ బీ450నే, కాకపోతే వీఆర్ఎమ్ మీద బరువైన హీట్‌సింక్ ఉంది. ఒకే చిప్‌సెట్, ఒకే ప్రాసెసర్, అదే గది, అదే ఎండ. రెండర్ మళ్లీ నలభై నిమిషాలకొచ్చింది.

కాబట్టి షాపులో డబ్బా తెరిపించి చూడు. హీట్‌సింక్ గాడులున్న దిమ్మలా ఉండాలి. మెరిసే ప్లాస్టిక్ మూత పెట్టి మోసపుచ్చేవి కూడా ఉన్నాయి. డబ్బా మీది ఫేజ్‌ల (వీఆర్ఎమ్ పని పంచుకునే భాగాల) సంఖ్యను మాత్రం నమ్మకు, దాన్ని ఎక్కువ చేసి రాసుకోవడం ఈ వ్యాపారంలో మామూలే. నువ్వు చూసే ఎక్స్570 బోర్డుల్లో చాలావాటికి చిప్‌సెట్ మీద ఒక బుల్లి ఫ్యాన్ ఉంటుంది. మన దుమ్ముకి అది ఎన్నాళ్లు తిరుగుతుందో నువ్వే ఆలోచించుకో. బోర్డు పాత స్టాకైతే 5700ఎక్స్‌ని గుర్తుపట్టకపోవచ్చు, ఎందుకంటే అది 2022లో వచ్చిన చిప్. ప్రాసెసర్ లేకుండానే బయోస్ (బోర్డులో ఉండే సాఫ్ట్‌వేర్) ఫ్లాష్, అంటే అప్‌డేట్, చేసే బటన్ వెనక ఉన్న బోర్డైతే ఆ తిప్పలుండవు.

ఇంకోటి, 5700ఎక్స్‌ని నాలాగా అన్ని కోర్లకీ ఒకే స్పీడు కట్టి ఓవర్‌క్లాక్ చేయొద్దు. ఒక్క కోరు మీద అది తనంతట తానే 4.6 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది, నువ్వు ఒకే స్పీడుకి కట్టేస్తే ఆ లాభం పోతుంది. పీబీఓ (ప్రాసెసర్‌ని తనంతట తానే ఇంకాస్త స్పీడు పెంచుకోనిచ్చే ఏఎమ్‌డీ సౌకర్యం) ఆన్ చేసి, కర్వ్ ఆప్టిమైజర్‌లో (ఒక్కో స్పీడుకి ఇచ్చే వోల్టేజీని సర్దే సెట్టింగ్) మైనస్ పదితో మొదలుపెట్టు. పీబీఓ వాడినా వారంటీ పోతుందని ఏఎమ్‌డీ రాసే ఉంచింది, అది కూడా తెలుసుకునే చెయ్. స్టెబిలిటీ టెస్ట్ మాత్రం జనవరిలో కాదు, మే నెల మధ్యాహ్నం మూడింటికి చెయ్.

నా పాత బోర్డు ఇప్పుడు మా అక్కవాళ్లింట్లో రైజెన్ 3తో నడుస్తోంది, ఓవర్‌క్లాక్ ఊసే లేకుండా. ఇంతవరకు ఒక్క ఫిర్యాదు రాలేదు.