టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో పెరటి కంచె మీద పొట్టి తోక పిల్లి: బాబ్‌క్యాటేనా? పిల్లల్ని బయట ఆడుకోనివ్వచ్చా?

మీరు చెప్పిన పొట్టి తోక, పట్టపగలు తాపీగా నడక, రెండూ బాబ్‌క్యాట్ అనే అమెరికా అడవిపిల్లికే సరిపోతాయండి. డాలస్ చుట్టుపక్కల వాగుల వెంట ఇవి మామూలే. ఈసారి కనబడితే తోక కొస చూడండి: పైన నలుపు, అడుగున తెలుపు. చెవుల వెనక నల్లరంగు మీద తెల్లమచ్చ ఉంటుంది. సైజుని మాత్రం నమ్మొద్దు. కంచె మీదున్న జంతువు ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. ఆడది 6, 7 కిలోలు, మగది 10 కిలోలకి అటూఇటూ, అంతే.

మళ్లీ కనబడకపోతే తడి మట్టిలో అడుగులు వెతకండి. బాబ్‌క్యాట్ అడుగు గుండ్రంగా, 5 సెంటీమీటర్లకి అటూఇటూ ఉంటుంది, గోళ్లు పడవు. కయోటీ (నక్కలాంటి అడవి జంతువు) అడుగు కోలగా ఉంటుంది, గోళ్లు పడతాయి. అయితే జారుడు బురదలో పిల్లిజాతి కూడా గోళ్లు దింపుతుంది, చాలామంది పొరబడేది అక్కడే. అందుకే అరికాలి దిండు కూడా చూడాలి: పిల్లికి ముందు అంచులో రెండు వంపులు, వెనక మూడు.

పగలు తిరిగితే రేబిస్ అనుకోనక్కర్లేదు. ఎక్కువగా వేకువన, మునిమాపున వేటాడతాయి గానీ, పిల్లలున్న తల్లి ఏ వేళైనా బయల్దేరుతుంది. ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిలో జతకడతాయి, రెండు నెలలకి ఈనుతాయి, సాధారణంగా 2 నుంచి 4 పిల్లలు. మగది సాయానికి రాదు. డెక్ (ఇంటి వెనక చెక్క అరుగు) కింద దాని పిల్లలుంటే కన్నం మూసేయొద్దు: లోపలివి చచ్చిపోతాయి, తల్లి చెక్క పీకుతుంది. ఎలాగూ అది చోటు మారుస్తూ ఉంటుంది. కన్నం ముందు ముగ్గు చల్లినట్టు పలచగా పిండి చల్లండి. వరసగా మూడు రాత్రులు అడుగు పడకపోతే, లోపల అలికిడి కూడా లేకపోతే, అప్పుడు మూయండి.

మీ పెరట్లో దానికి పని కుందేళ్లతో, ఉడతలతో. పక్షులకి వేసిన గింజలు కిందపడితే అవి చేరతాయి, వాటి వెనక ఇదీ వస్తుంది. ముందు ఆ గింజలు ఊడ్చేయండి. ఆరడుగుల కంచె దానికి లెక్కే కాదు కాబట్టి కోళ్లగూటికి పైకప్పు ఉండాలి, చిన్న కుక్కని చీకట్లో ఒంటరిగా వదలొద్దు. పట్టించి దూరంగా వదిలేయమని సలహా ఇస్తారు, దండగ: ఖాళీ అయిన చోటికి ఇంకోటి దిగుతుంది.

ఎలుకమందు అసలు వాడొద్దు. మందు తిని మందగించిన ఎలుక బాబ్‌క్యాట్‌కి సులువుగా దొరుకుతుంది, ఆ మందు దాని ఒంట్లోకీ చేరుతుంది. కాలిఫోర్నియాలో శాంటా మోనికా పర్వతాల దగ్గర 2002 తర్వాత కొన్నేళ్లు బాబ్‌క్యాట్లు గజ్జి పట్టి చచ్చాయి, వాటి ఒంట్లో ఎలుకమందు ఆనవాళ్లు బయటపడ్డాయి.

పిల్లల్ని ఆడుకోనివ్వండి, పెద్దవాళ్లొకరు దగ్గరుంటే చాలు. ఎదురుపడితే పరిగెత్తొద్దని చెప్పండి. నిలబడి గట్టిగా అరిచి చప్పట్లు కొడితే వెళ్లిపోతుంది. వెళ్లకుండా మీదికొచ్చినా, తూలుతూ నడిచినా పిల్లల్ని లోపలికి తీసుకెళ్లి వెంటనే సిటీ యానిమల్ సర్వీసెస్‌కి ఫోన్ చేయండి.